ఈసీఎం మార్చకముందు మీటరు పట్టు

నంద్యాల

అల్లుడూ,

నువ్వు పంపిన స్కానర్ ఫోటోలు చూసినా. ఫోన్లో చెప్పబోతే నీ షెడ్డులో కంప్రెసర్ మోత, సగం నీకు వినపడలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నా. దాచుకో, ఇంకో బండికి కూడా పనికొస్తుంది.

మొదట అసలు మాట. ఆ బండికి ఈసీఎం, అదే ఇంజిన్ మాడ్యూల్, ఆర్డరు పెట్టొద్దు. "మెదడు పోయింది, మారిస్తే గానీ కాదు" అని పార్టీకి ఎవరో చెప్పి పంపించినారన్నావు. నీకూ అదే నిజమేమో అనిపించింది, ఎందుకంటే స్కానర్ మూడు చోట్ల ఈసీఎం పేరే చూపించింది. స్కానర్ అబద్ధం చెప్పలేదు అబ్బీ. కానీ అది చెప్పింది వేరు, మనం విన్నది వేరు.

నీ ఫోటోల్లో ఉన్నది ఇది. ఏబీఎస్‌లో యూ0100. మీటర్ బోర్డులో యూ0100. బీసీఎంలో, అంటే బాడీ మాడ్యూల్‌లో, యూ0100. ఇంతవరకే చూసి నువ్వు ఆగిపోయినావు. చివరి ఫోటో మళ్లీ తెరిచి చూడు. ఈసీఎంలో యూ0121, యూ0140, యూ0155 మూడూ ఉన్నాయి. యూ0100 అంటే "ఇంజిన్ మాడ్యూల్ నుంచి నాకు కబురు రావడం లేదు" అని. 121 ఏబీఎస్ గురించి, 140 బీసీఎం గురించి, 155 మీటర్ బోర్డు గురించి అదే మాట. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి చెప్తాయి, సీ బ్రేకులూ స్టీరింగు, బీ బాడీ. యూ కోడ్లు మాత్రం ఏ వస్తువు గురించీ కావు, మాటామంతీ గురించి. ఊరి పంచాయతీలో నలుగురు కూర్చుని ఒకే మనిషి రాలేదంటున్నారు, ఆ మనిషేమో వాగు అవతల నిలబడి "ఇక్కడికి ఎవ్వరూ రాలేదు" అంటున్నాడు. అప్పుడు చూడాల్సింది ఆ మనిషినా, వాగునా?

కాబట్టి ఎప్పుడైనా యూ కోడ్ కనపడితే రెండు సంగతులు కలిపి రాసుకో. ఎవరు చెప్పినారు, ఎవరి మీద చెప్పినారు. అందరూ ఒకరి మీదే చెప్పి, ఆ ఒకరిని స్కానర్ అసలు పలకరించలేకపోతే, దానికి కరెంటు అందుతోందా, ఎర్త్ ఉందా, ఫ్యూజ్ బాగుందా చూడు. అందరూ ఒకరి మీద చెప్పి, ఆ ఒకరు అందరి మీదా చెప్తే మధ్యలో తీగ చూడు. ఒకరు మాత్రమే అందరి మీదా చెప్పి, మిగతావాళ్లు హాయిగా మాట్లాడుకుంటూ ఉంటే ఆ ఒకరి కొమ్మ తీగ చూడు. అందరూ అందరి మీదా చెప్తే అందరూ మాట్లాడుకునే పెద్ద లైను షార్టో, ఏదో ఒక మాడ్యూల్ లైన్లో అడ్డంపడి అరుస్తోందో. ఈ విడదీత స్కానర్ చెయ్యదు, నువ్వే చెయ్యాలి.

ఇప్పుడు పార్టీ చెప్పిన లక్షణాలు. నాకు వాటి మీద కోడ్ల కంటే ఎక్కువ నమ్మకం. గుంతలో పడితే ఆర్‌పీఎం ముల్లు, టెంపరేచర్ ముల్లు ధడేల్మని కిందికి పడతాయి, స్పీడు మాత్రం చూపిస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఆగదు. కాసేపటికి ముళ్లు వాటంతటవే లేస్తాయి. ఎప్పుడో ఒకసారి పొద్దున సెల్ఫ్ తిరుగుతుంది గానీ బండి అందుకోదు, తాళం బొమ్మ లైటు మిణుకుతుంది.

ఒక్కొక్కటీ విప్పి చూడు. ఆర్‌పీఎం, టెంపరేచర్ లెక్కలు మీటర్ బోర్డుకు ఈసీఎం నుంచి వస్తాయి. ఆ బండిలో స్పీడు ఏబీఎస్ నుంచి వస్తుంది. అంటే మీటరూ ఏబీఎస్సూ మాట్లాడుకుంటూనే ఉన్నాయి, ఈసీఎం ఒక్కటే విడిపోయింది. ఇంజిన్ ఎందుకు ఆగలేదు? ఇంజెక్టర్లకూ, క్రాంక్ సెన్సార్‌కూ ఈసీఎం నుంచి సొంత తీగలు నేరుగా పోతాయి, వాటికి ఈ లైనుతో పని లేదు. ఇంజిన్ నడుపుతున్న ఈసీఎంను చచ్చిపోయిందనడం ఎట్లా? మరి స్టార్ట్ కానిదెందుకు? తాళం అసలుదా కాదా అని బీసీఎం చెప్పాలి, ఈసీఎం వినాలి. ఆ కబురు అందని క్షణంలో నువ్వు సెల్ఫ్ కొడితే అది డీజిల్ వదలదు. లోపల మాట్లాడే చిప్పు ఒక్కటీ పోయి ఉండొచ్చు కదా అంటావు. పోవచ్చు. కానీ చిప్పు పోతే గుంత వచ్చేదాకా కాచుకోదు. కుదుపుకు పోయి కుదుపుకు వచ్చేది తీగో, కప్లరో.

ముళ్లు వాటంతటవే లేచినాయన్నది కూడా మంచి ఆనవాలే. ఈ లైన్లో ఒక మాడ్యూల్ కబురు పంపితే, విన్న వాళ్లలో ఎవరో ఒకరు "అందింది" అని ఆ కబురు చివర్లోనే ఒక గుర్తు పెట్టాలి. తప్పు పోయిన ప్రతిసారీ పంపినవాడి ఖాతాలో 8 కలుస్తుంది, సరిగ్గా పోతే 1 తగ్గుతుంది. ఖాతా 255 దాటితే ఆ మాడ్యూల్ తనంతట తానే లైను వదిలేసి నోరు మూసుకుంటుంది, మిగతావాళ్లను చెడగొట్టకుండా. అయితే అసలు వినేవాళ్లే లేక, పూర్తిగా ఒంటరిపడ్డ మాడ్యూల్‌కు ఈ శిక్ష పడదు, ఖాతా 128 చేరినాక ఆ "అందింది" లోటుకు ఇక లెక్క పెరగదు. అది పిలుస్తూనే ఉంటుంది. తీగ మళ్లీ తగలగానే కలిసిపోతుంది. ఎంత ఆలోచించి పెట్టినారో చూడు.

ఈ పద్ధతి పుట్టి చాలా కాలమైంది. జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిట్ సభలో బయటపెట్టినారు. దాన్నే క్యాన్ అంటున్నాం. 1991 నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్ దీన్ని మొదట వాడుకున్న కార్లలో ఒకటి. 1993లో ఐఎస్ఓ 11898 అని అంతర్జాతీయ ప్రమాణమైంది. మేము అప్పుడు నంద్యాలలో అంబాసిడర్లూ, జీపులూ, మారుతి 800లూ చేసుకుంటున్నాం. ఒక్కో పనికి ఒక్కో తీగ, ఒక టెస్ట్ ల్యాంపు ఉంటే రాజ్యం ఏలొచ్చు. ఆ రోజులు మంచివని నేననను. కాంటాక్ట్ పాయింట్లు గీకి గీకి వేళ్లు నల్లబడిన మాట మరిచిపోలేదు. తర్వాత బండిలో మాడ్యూళ్లు పెరిగినాయి. చక్రం వేగం ఏబీఎస్‌కు కావాలి, మీటర్‌కు కావాలి, ఇంజిన్‌కు కావాలి, కరెంటు స్టీరింగుకు కావాలి. అందరికీ విడివిడిగా తీగలు లాగే బదులు ఒకే జత తీగల మీద అందరూ వంతులవారీగా మాట్లాడుకుంటారు. ప్రతి కబురుకూ ఒక నంబరు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే చిన్న నంబరుది సాగిపోతుంది, పెద్ద నంబరుది ఆగి వింటుంది. కార్లలో ఈ మాటల వేగం సాధారణంగా సెకనుకు 5 లక్షల బిట్లు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చినాక ఇక ఆళ్లగడ్డలోని నీ షెడ్డుకైనా ఈ పని తప్పదు. టెస్ట్ ల్యాంపును మాత్రం ఈ తీగల దగ్గరికి తీసుకుపోవద్దు. దాని లాగుడుకు లైను పడిపోతుంది, ఖర్మ కాలితే మాడ్యూల్ కూడా.

సరే, కొలతలకు వస్తా. ముందు బ్యాటరీ. నవ్వొద్దు. నంద్యాల ఎండకు బ్యాటరీలు ఎట్లా చస్తాయో నీకు తెలుసు. రాత్రంతా నిలబడ్డ బండికి 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగితే మాడ్యూళ్లు ఒక్కొక్కటీ కళ్లు మూసి తెరుస్తాయి, ఆ క్షణంలో ఒకదాని మీద ఒకటి యూ కోడ్లు రాసుకుంటాయి. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసిన కారులో డజను యూ కోడ్లు కనపడితే భయపడకు. ఫోటో తీసుకో, తుడిచెయ్, అహోబిలం రోడ్డులో ఒక చుట్టు వేసి రా, తిరిగి వచ్చిన కోడ్లనే నమ్ము.

తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసెయ్. మాడ్యూళ్లు నిద్రపోయేదాకా కాసేపు ఆగు. స్టీరింగు కింద స్కానర్ పెట్టే 16 పిన్నుల కప్లర్లో 6కూ 14కూ మధ్య ఓమ్‌లు కొలువు. 6 క్యాన్ హై, 14 క్యాన్ లో. లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండుంటాయి, పక్కపక్కన పడి 60 చూపించాలి. 60 వస్తే లైను కొసల దాకా బాగుంది. 120 వస్తే ఒక కొస విడిపోయింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి తగులుకున్నాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ ఉన్న వస్తువు తగిలించినారు. కరెంటు ఉండగా ఓమ్‌లు కొలిస్తే వచ్చేవి ఉత్తుత్తి అంకెలు, వాటిని నమ్మి చేసిన పనికి ఉసూరుమనాలి.

చాలా బండ్లలో ఒక రెసిస్టర్ ఈసీఎం లోపలే ఉంటుంది. నీ బండిది కూడా అట్లాంటిదైతే పని సులభం. మీటర్ పిన్నులు 6, 14లో పెట్టి వదిలెయ్. 60 చూపిస్తూ ఉంటుంది. కుర్రాణ్ణి మీటర్ ముందు కూర్చోబెట్టి, నువ్వు బ్యానెట్ కింద హార్నెస్‌ను జానెడు జానెడు కదిలించుకుంటూ పో. ఏ చోట కదిలిస్తే అంకె 120కి ఎగురుతుందో అక్కడే నీ జబ్బు. బ్యాటరీ ట్రే కింద హార్నెస్ వంగే మూల మీద నాకు అనుమానం. ఈసీఎం కప్లర్ లాకు కూడా చూడు, సగమే పడి ఉంటుంది ఒక్కోసారి. ఒక హెచ్చరిక. కొన్ని కొత్త బండ్లలో స్కానర్ కప్లర్‌కూ లోపలి లైనుకూ మధ్య గేట్‌వే అనే కాపలా మాడ్యూల్ ఉంటుంది. అప్పుడు 6, 14లో కొలిచేది గేట్‌వే వరకే. వైరింగ్ పటం ముందేసుకోకుండా ఓమ్‌ల మీద తీర్పు చెప్పొద్దు.

బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ వేసి వోల్టులు కూడా చూడు. ఎర్త్‌కూ 6కూ మధ్య 2.6, 2.7 దరిదాపు, ఎర్త్‌కూ 14కూ మధ్య 2.3, 2.4. రెండూ కూడితే 5 దగ్గర్లో ఉండాలి. నిజానికి లోపల హై 2.5 నుంచి 3.5కి ఎగురుతూ, లో 2.5 నుంచి 1.5కి దిగుతూ ఉంటాయి. అంత వేగాన్ని మన మల్టీమీటర్ అందుకోలేక సగటు చూపిస్తుంది. ఒక తీగలో సున్నా వస్తే ఎర్త్‌కు తగిలింది, 12 వస్తే బ్యాటరీ కరెంటుకు తగిలింది. అప్పుడు మాడ్యూళ్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పో. ఏది తీస్తే లైను బాగుపడుతుందో ఆ కొమ్మలో చూడు. రెసిస్టర్ ఉన్న మాడ్యూల్ తీసినప్పుడు ఓమ్‌లు 120 అవుతాయి, అది జబ్బు కాదు, కంగారు పడొద్దు. పసుపు రంగు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి మీటర్ తీసుకుపోవద్దు, ఇది ఆజ్ఞ అనుకో.

మన దిక్కు బండ్లకు జబ్బులు యాడ తగులుకుంటాయో పుస్తకాలు రాసినోళ్లకు తెలియదు. ఒకటి ఎలుకలు. నంద్యాల వడ్ల గోదాముల దగ్గరా, రైస్ మిల్లుల దగ్గరా రాత్రిళ్లు నిలిపే బండ్లలో అవి ఇంజిన్ వేడికి దూరి తీగలు కొరుకుతాయి. పైన టేపు బాగానే ఉంటుంది, లోపల రాగి బయటపడి ఉంటుంది. రెండు, నీళ్లు. 2019 సెప్టెంబరులో నల్లమల వానలకు మహానంది గుడిలోకే నీళ్లొచ్చినాయి కదా. అట్లా తడిసిన బండి కడిగి ఆరబెడితే నడుస్తుంది. నెలల తర్వాత కార్పెట్ కింద కప్లర్లో పచ్చటి చిలుము పట్టి, కోడ్లు మొదలవుతాయి. పాత బండి కొన్నవాడు ఆ సంగతి నీకు చెప్పడు, వాడికీ తెలియదు. కార్పెట్ ఎత్తి చూడు, బురద చార ఉంటే అదే సాక్ష్యం.

మూడోది మనుషులు. నాకు ఎలుకల మీద కంటే వీళ్ల మీద కోపం. మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, ట్రాకర్, సెంట్రల్ లాక్ బిగించేవాళ్లు చేతికందిన తీగను బ్లేడుతో గీకి మెలిపెట్టి టేపు చుడతారు. అది క్యాన్ తీగా, లైటు తీగా అని చూడరు. నా దగ్గరికి వచ్చే వింత కోడ్ల బండ్లలో మొదట నేనడిగే ప్రశ్న "కొత్తగా ఏమి పెట్టించినావు?" అనే. ఏమీ లేదంటారు. సీటు కింద చూస్తే యాంప్లిఫయర్ ఉంటుంది. డెంటింగ్ షాపుల్లో బ్యాటరీ తియ్యకుండా వెల్డింగ్ పెట్టడం ఇంకో దరిద్రం.

నీ షెడ్డు పక్కనే శిల్పుల షెడ్లు. రోజంతా రాతిపొడి లేస్తుంది. దేవుళ్లను చెక్కే చేతులకు దండం పెట్టు గానీ, కప్లర్ ఊడదీసి తెరిచి పెట్టి భోజనానికి పోవద్దు. పోయే ముందు ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి టేపు వెయ్.

తెగిన చోటు దొరికినాక అతుకు పద్ధతిగా వెయ్. ఆ రెండు తీగలూ ఒకదానికొకటి పురిపెట్టి ఉండటం అందానికి కాదు. బయటి కరెంటు రొద రెండింటి మీదా సమానంగా పడితే, వినే మాడ్యూల్ రెండింటి తేడానే చూస్తుంది కాబట్టి రొద లెక్కలోకి రాదు. అందుకని అతుకు దగ్గర పురి విప్పింది రెండు అంగుళాలు దాటకుండా చూసుకో, వేసినాక మళ్లీ పురిపెట్టు. రెండు అతుకులూ ఒకే చోట రాకుండా ఎగుడుదిగుడుగా వెయ్. క్రింప్ చేసి, లోపల జిగురున్న ష్రింక్ స్లీవ్ ఎక్కించు. తెగిన ముక్కను వదిలేసి పక్కగా కొత్త తీగ లాగే తెలివితేటలు ఈ లైన్లో పనికిరావు. సూది గుచ్చి కొలవొద్దు, కప్లర్ వెనక నుంచి సన్నటి ప్రోబ్ దూర్చు. ఆ సూది రంధ్రం లోంచే వచ్చే వానాకాలం నీళ్లు పోతాయి.

నా లెక్క తప్పి నిజంగానే ఈసీఎంలోనే జబ్బు అని తేలితే? తేలొచ్చు. దాని కప్లర్ దగ్గర కరెంటూ ఎర్తూ లోడు మీద సరిగ్గా ఉండి, రెండు క్యాన్ తీగలూ దాని పిన్నుల దాకా బాగుండి, అయినా అది పలకకపోతే అప్పుడు అను. అప్పుడు కూడా విజయవాడ ఆటోనగర్ నుంచి పాత ఈసీఎం తెచ్చి తగిలిస్తే పని అయిపోదు. తాళం, బీసీఎం దాన్ని గుర్తుపట్టవు. కోడింగ్ చేయించాలి. ఆ ఖర్చు కూడా పార్టీకి ముందే చెప్పు.

డబ్బుల సంగతి. కొలిచి, వెతికి, ఒక్క అతుకు వేస్తే "ఇంతేనా, దీనికింతా?" అంటారు. పెద్ద పార్టు మార్చితే మాట్లాడకుండా కడతారు. ఈ వంకర మన దగ్గరే కాదు, అంతటా ఉంది. అందుకని బండి లోపలికి తీసుకునేటప్పుడే వెతికే కూలి ఇంత అని చెప్పి, చీటీ మీద రాసి సంతకం తీసుకో. జబ్బు దొరకకపోయినా అందులో సగం తీసుకో, మొహమాటం వద్దు. మొహమాటపడేవాళ్లే చివరికి అక్కర్లేని పార్టులు అమ్మేది.

హైవే మీద లారీలు కూడా నీ దగ్గర ఆగుతున్నాయన్నావు. సూత్రం అదే, అక్కడ కూడా 60 ఓమ్‌లే. వేగం మాత్రం చాలా వాటిలో సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. కొన్నిటికి గుండ్రటి 9 పిన్నుల కప్లర్ ఉంటుంది, అందులో సీ హై, డీ లో. 24 వోల్టుల బండి కాబట్టి షార్టయితే దెబ్బ గట్టిగా ఉంటుంది. లారీ పని ఒప్పుకునే ముందు నన్ను ఒకసారి పిలువు.

నా దగ్గర రెండు ఛానెళ్ల ఆసిలోస్కోప్ ఖాళీగా ఉంది. కళ్లు సరిగ్గా ఆనక వాడటం తగ్గించినా. ఆదివారం మీ అమ్మను తీసుకుని వచ్చి అది పట్టుకుపో. వచ్చేటప్పుడు ఈ బండికి వచ్చిన ఓమ్‌లూ వోల్టులూ, ఏ చోట కదిలిస్తే ఎంత మారిందీ బండి నంబరుతో సహా నోటుబుక్కులో రాసి తీసుకురా. నోటితో చెప్తే ఒప్పుకోను.

ఇట్లు,
మీ మామ